గుర్తింపు కార్డు లేని సూక్ష్మజీవి

మా అమ్మ దృష్టిలో నేను ఆస్పత్రిలో వంటవాణ్ణి. తోటలో ఎవరడిగినా అలాగే చెప్పేది. "మావోడు ఇంగ్లీసు బళ్ళో సదివినాడు. ఇప్పుడు గవర్మెంటాస్పత్రిలో పురుగులకి వంట సేస్తన్నాడు." మొదట్లో సిగ్గేసి సరిదిద్దేవాణ్ణి. కొన్నాళ్ళకి మానేశాను. ఆలోచించి చూస్తే ఆవిడ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

మాది దిగువ పేరాక్‌లో ఒక రబ్బరు తోట. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు. అమ్మా నాన్నా చెట్లకు పాలు గీసినవాళ్ళే. మా ఇంట్లో నేనొక్కణ్ణే తోట దాటి తెలుక్ ఆన్సన్‌లో, అంటే ఇప్పటి తెలుక్ ఇంటాన్‌లో, చదువుకున్నాను. ఇరవై ఒకటో ఏట నది ఒడ్డునున్న ఒక చిన్న పట్నంలో, ఆస్పత్రి లేబొరేటరీలో సహాయకుడిగా చేరాను. ఆ పట్నం పేరు చెప్పను. అప్పుడు పనిచేసినవాళ్ళ పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

లేబొరేటరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. శవాల గదికీ బట్టలుతికే గదికీ మధ్య ఒక రేకుల షెడ్డు. అందులో ఒక మైక్రోస్కోపు, ఒక వెచ్చటి పెట్టె, ఒక ఆవిరి పెట్టె, నేను, మా డాక్టరు. ఆయన మద్రాసులో చదివి వచ్చిన సిలోన్ తమిళుడు. నాతో తమిళంలోనే మాట్లాడేవాడు, తంబీ అని పిలిచేవాడు. నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

నా పని ఇదీ. గేదె మాంసంలో కొవ్వు తీసేసి సన్నగా తరిగి, నానబెట్టి, మరిగించి, గుడ్డలో వడగట్టి చారు తీయాలి. (అమ్మకి మాత్రం మేకమాంసమని చెప్పాను.) మా దేశంలో ప్రతి పెళ్ళిలోనూ రంగులేసి ముక్కలు కోసి పెట్టే అగర్-అగర్ అనే సముద్రపు నాచు జెల్లీ ఉంటుంది కదా, దాని పోగులు ఆ చారులో కరిగించాలి. ఆవిరి పెట్టెలో శుద్ధి చేసి, మూతలున్న గాజు పళ్ళేల్లో పోయాలి. అది గడ్డకట్టాక వార్డు నుంచి వచ్చిన చీమును తీగతో దాని మీద గీసి, వెచ్చటి పెట్టెలో పెట్టాలి. మర్నాటికి పళ్ళెం నిండా చుక్కలు మొలుస్తాయి. ఒక జాతి బంగారు రంగులో గుండ్రంగా వస్తుంది. ఇంకొకటి అగర్‌లో గొర్రె రక్తం కలిపితే ఆ రక్తాన్ని కరిగించేసి చుట్టూ తేట వలయం చేసుకుంటుంది. వాటికి రంగు వేసి మైక్రోస్కోపులో చూసి, ఏ చక్కెర తింటాయో ఏది తినవో పరీక్షించి, ఫలానా అని తేల్చాలి. ఎవరి పుండులో ఎవరు కాపురం ఉంటున్నారో చెప్పడమే మా ఉద్యోగం.

నేను చెప్పబోయేది 1957 నాటి సంగతి. ఆగస్టు చివర మెర్దేకా, అంటే మా స్వాతంత్ర్యం, వస్తుందని అందరికీ తెలుసు. ఊళ్ళో స్తంభాలకి రంగులు వేస్తున్నారు. ఆస్పత్రి అంబులెన్సు డ్రైవర్లు బ్యాండు నేర్చుకుంటున్నారు. మరోవైపు 1948లో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ ఇంకా ఎత్తెయ్యలేదు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు తిండి అందకూడదని ప్రతి దారిలోనూ సోదాలు. బియ్యం, చక్కెర, మాంసం, డబ్బా పాలు, ఏది కదలాలన్నా పర్మిట్ కావాలి. డబ్బా కొంటే కొట్టువాడు అక్కడే మేకుతో దానికి చిల్లు పెట్టి ఇచ్చేవాడు. నిలవ చేసి అడవిలోకి పంపకుండా అన్నమాట.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సర్జికల్ వార్డులో పుళ్ళు ఆకుపచ్చగా మారడం మొదలైంది.

మొదట చూపించినవాడు మా పక్క తోట మనిషి. నాకు చుట్టమేమీ కాదుగానీ తెలుగువాడు, నాన్న వయసువాడు, అందుకని మావా అని పిలిచేవాణ్ణి. గిలక దిగిందని, అంటే పేగు జారిందని, ఆపరేషన్ చేయించుకున్నాడు. శుభ్రమైన గాయం, వారంలో ఇంటికెళ్ళాల్సినవాడు. నాలుగో రోజున నన్ను మంచం దగ్గరికి పిలిచి చొక్కా ఎత్తాడు.

"ఇదేటి బాబూ, నా కట్టు సిలకపచ్చగా అయిపోనాది? కోసినప్పుడు లోపల ఏటైనా ఇత్తనం పడిపోనాదేటి?"

కట్టు నిజంగానే చిలక రెక్కలా ఉంది. బాగా మగ్గి పులిసిన పండు వాసన వచ్చింది. చీము తీసుకెళ్ళి పళ్ళెం మీద గీశాను. మర్నాటికి చుక్కలే కాదు, అగర్ మొత్తం పచ్చగా అయిపోయింది. డాక్టరు మూత ఎత్తి వాసన చూసి, మూత పెట్టి, "సూడోమోనస్ పయోసయానియా" అన్నాడు, ఇష్టంలేని చుట్టం వచ్చినట్టు.

ఆ వారంలోనే మరో ఇద్దరికి పచ్చబడింది. పై వారం ఇంకో నలుగురికి. డాక్టరు వార్డంతా గాలించమన్నాడు. నేను దూది చుట్టిన పుల్లలు పట్టుకుని బయల్దేరాను. నర్సుల చేతులు, ముక్కులు, సబ్బు, తొట్టి, కాలువ, కత్తెర్లు, పూలకుండీ అన్నీ అయ్యాయి. ఆపరేషన్ చేసే దొర ముక్కులో కూడా పుల్ల పెట్టాను. ఆయన మర్నాటిదాకా నా మొహం చూడలేదు. అందరి ముక్కుల్లోనూ ఏవేవో ఉన్నాయిగానీ ఆ పచ్చ రకం మాత్రం ఎక్కడా లేదు.

వార్డు మీద అధికారం మేట్రన్‌ది. స్కాట్లాండ్ ఆవిడ. యాభై దాటినా గీత గీసినట్టు నిటారుగా నడిచేది. మురికిని ఆవిడ సొంత శత్రువులా చూసేది. పుళ్ళు కడిగే మందును అప్పటిదాకా రోజుకు రెండుసార్లు వాడేవారు. ఆవిడ నాలుగుసార్లు చేయించింది. బరువైన కేసులు స్వయంగా తనే కడిగేది. ఎంత కడిగితే పుళ్ళు అంత పచ్చబడ్డాయి. పచ్చబడినకొద్దీ ఆవిడ ఇంకా కడిగించింది.

"మెర్దేకా వొస్తే ఈ మందు మారుస్తారేటి?" అని మావ అడిగాడు.

"మందుకీ దానికీ సంబంధమేటి మావా?"

"దొరలు ఎల్లిపోతే ఈళ్ళ మందు కూడా ఎల్లిపోద్దేమోననీ..." అన్నాడు ఆశగా.

ఇక్కడ పర్మిట్ గొడవ వచ్చి పడింది. జూన్‌లో మా జిల్లాలో ఆంక్షలు ఇంకా బిగించారు. ఆస్పత్రి వంటగదికి వచ్చే మాంసం రోగుల తలలు లెక్కపెట్టి ఇస్తారు. నా చారుకి మాంసం ఇవ్వనని వంటగది పెద్ద తెగేసి చెప్పాడు. చారు లేకపోతే పళ్ళేలు లేవు. పళ్ళేలు లేకపోతే పచ్చవాణ్ణి పట్టుకోవడం లేదు. డాక్టరు నన్ను ఆహార నియంత్రణ ఆఫీసుకి పంపాడు.

అక్కడ బల్ల వెనక మందపాటి కళ్ళద్దాల తమిళ గుమాస్తా. నా వయసే ఉంటుంది. ఫారం ముందు పెట్టి, "తినేవాళ్ళు ఎవరు?" అన్నాడు.

"మనుషులు కాదు. సూక్ష్మజీవులు."

"ఎంతమంది?"

"లెక్కపెట్టలేమండీ."

అతను కలం కింద పెట్టాడు. "లెక్కలేనివాళ్ళకి మాంసం ఇవ్వమని రూల్లో లేదు. తినేవాళ్ళ పేర్లు రాయించుకుని, మీ డాక్టరు చేత సంతకం పెట్టించుకుని రండి."

ఫారం తెచ్చి డాక్టరుకి ఇచ్చాను. ఆ ఉదయమే వార్డులో ఒక చైనా ముసలాయన చనిపోయాడు. కూరగాయల తోట పెంచుకునే మనిషి, పేగు ఆపరేషన్ చేయించుకున్నవాడు. పుండు పచ్చబడి, జ్వరం ఎక్కి, మరి లేవలేదు. డాక్టరు ఆ కోపంలో ఉన్నాడు. ఫారం లాక్కుని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేశాడు. తినేవారి పేర్లు: స్టెఫిలోకోకస్ ఆరియస్, స్ట్రెప్టోకోకస్ పయోజెనెస్, ప్రోటియస్ వల్గారిస్, సూడోమోనస్ పయోసయానియా. చిరునామా: సర్జికల్ వార్డు. వయసు అన్నచోట ఇరవై నిమిషాలు అని రాశాడు. అవి ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలతాయి కనక అది అబద్ధం కాదు. మలయ్, చైనీస్, ఇండియన్, ఇతరులు అన్న జాతుల గడుల్లో ఇతరులు దగ్గర టిక్కు పెట్టాడు. సంతకం చేసి, ఆస్పత్రి ముద్ర వేసి నా చేతికిచ్చాడు.

వెళ్ళగొడతారనే అనుకుంటూ దాన్ని మళ్ళీ ఆ ఆఫీసుకి పట్టుకెళ్ళాను. కానీ గుమాస్తా పేర్లన్నీ ఓపిగ్గా చదివి సంతోషించాడు.

"చూశారా, అడిగితే దొరుకుతాయి పేర్లు. వీళ్ళు పోర్చుగీసువాళ్ళా?"

"ఏమోనండీ."

"ఇంటిపేరు ఏది? ముందుదా వెనకదా?"

"ముందుది," అన్నాను. ఆ మాట నిజమే. వాటికీ మా తెలుగువాళ్ళలాగే ఇంటిపేరు ముందొస్తుంది.

వయసు దగ్గర 'నిమిషాలు' కొట్టేసి 'సంవత్సరాలు' అని దిద్దాడు. మీ డాక్టరు చదువుకున్నవాడే, ఇలాంటి పొరపాట్లేమిటని నవ్వాడు. ఐడెంటిటీ కార్డు నంబర్ల గడి ఖాళీగా ఉంటే, తర్వాత ఇమ్మని పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు. నలుగురికి సరిపడా మాంసం పర్మిట్ చేతిలో పెట్టాడు. నాకదే కావాలి. సైకిలెక్కి వచ్చేశాను.

వారం తిరక్కుండానే ఒక మలయ్ సార్జంటు ఆస్పత్రికి వచ్చాడు. నెరిసిన మీసం, ఇస్త్రీ మడత చెదరని నిక్కరు, జేబులో నల్లట్ట నోటుబుక్కు. నర్సుల బల్ల దగ్గర నిలబడి, "ఈ వార్డులో సూడోమోనస్ పయోసయానియా అనే మనిషి ఎవరు?" అని అడిగాడు. నర్సు తెల్లమొహం వేసి మా షెడ్డు వైపు చూపించింది. దారిలో మావ మంచం దగ్గర కూడా ఆగి అదే ప్రశ్న వేశాడట.

"అంత పెద్ద పేరున్నోడు మా తోటలో కూలికి రాడు లా, అని సెప్పీసినాను," అన్నాడు మావ నాతో తర్వాత. ఏ భాష మాట్లాడినా మాట చివర లా అని తగిలించడం మా దేశంలో అలవాటు. "ఏటి సేసినాడు బాబూ ఆడు?"

సార్జంటు షెడ్డులోకి వచ్చి డాక్టరుకి సెల్యూట్ చేశాడు. తువాన్ అంటే మలయ్‌లో అయ్యా అని. "తువాన్, పన్నెండేళ్ళు దాటిన ప్రతివాడికీ ఐడెంటిటీ కార్డు ఉండాలి. ఈ నలుగురికీ ఇరవై ఏళ్ళు. కార్డులు లేవు. మూడు పేర్లు ఎవరికీ తెలియవు. పయోసయానియా పేరు చెబితే మాత్రం నర్సులందరూ మొహం చిట్లిస్తున్నారు. ఆ మనిషి ఎక్కడ?"

అప్పుడే మొదటిసారి మా డాక్టరు నవ్వడం చూశాను. తుమ్ము వచ్చినట్టు ఒక్కసారి నవ్వి ఆగిపోయాడు.

"నెల రోజులుగా నేను వెతుకుతున్నదీ ఆ మనిషినే. దొరికితే నాకూ చెప్పండి."

నాకు భయమేసి, సార్జంటును మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెట్టాను. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాడు. ఎర్రటి చిన్న చిన్న పుల్లలు, అద్దం నిండా.

"ఇవా?"

"అవే."

"బతికే ఉన్నాయా?"

"రంగేసినవి చచ్చిపోయాయి. పళ్ళెంలో ఉన్నవి బతికే ఉన్నాయి."

టోపీ పెట్టుకుని లేచాడు. నవ్వుతాడేమో, తిడతాడేమో అని చూశాను. రెండూ చేయలేదు.

"నాకు అర్థమైంది. నేనూ బళ్ళో చదివినవాణ్ణే. కానీ నా కాగితానికి అర్థం కాదు. దాంట్లో రెండే గడులు. దొరికాడు, దొరకలేదు. దొరకలేదని రాస్తే ఆస్పత్రిని చుట్టుముట్టి సోదా చేయమంటారు. దొరికాడంటే స్టేషన్‌కి తెమ్మంటారు."

"పళ్ళెం తీసుకెళ్ళండి, ఇస్తాను," అన్నాడు డాక్టరు.

"ఎలా తువాన్? అందులో మాంసం చారు ఉందన్నారు కదా. పర్మిట్ లేకుండా తిండి బయటికి తీసుకెళితే నన్ను నేనే అరెస్టు చేసుకోవాలి."

చివరికి సార్జంటు ఒక నిర్ణయానికి వచ్చాడు. "విచారణ జరుగుతోంది అని రాస్తాను. కానీ అలా రాసాక విచారణ చేయాలి. చేయకుండా రాసే అలవాటు నాకు లేదు."

అలా మా సర్జికల్ వార్డులో ఒక సూక్ష్మజీవి మీద పోలీసు విచారణ మొదలైంది. కడిగే వేళల్లో పోలీసువాణ్ణి లోపలికి రానివ్వనని మేట్రన్ పట్టుబట్టింది. ఆయన మర్యాదగా విన్నాడు. కావలిస్తే నర్సులు వేసుకునేవన్నీ వేసుకుంటానన్నాడు. ఆవిడ నిజంగానే ఇచ్చింది. మూడు రోజులపాటు తెల్ల గౌను, మూతికి గుడ్డ, గౌను మీద నడుముకి రివాల్వరుతో ఆయన వార్డు మధ్యలో ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఏ మంచం దగ్గరికి ఏది వెళ్ళిందో రాసుకున్నాడంతే. రోగులు పాపం భయంతో మూలగడం కూడా తగ్గించారు.

మూడో రోజు మధ్యాహ్నం షెడ్డుకి వచ్చి నోటుబుక్కు విప్పి చదివాడు. "టీ బండి అన్ని మంచాలకూ వెళుతోంది. పచ్చ జబ్బు అందరికీ లేదు, కోసినవాళ్ళకే ఉంది. కాబట్టి టీ బండి కాదు. జ్వరం చూసే గొట్టం, అదీ అందరికీ. చుట్టాలు కొందరికే వస్తున్నారు. కిటికీ పక్కనున్న ముసలివాడికి ఎవరూ రారు, అయినా పచ్చబడ్డాడు. కోసిన ప్రతి మనిషి దగ్గరికీ, కోసినవాళ్ళ దగ్గరికి మాత్రమే, రోజుకు నాలుగుసార్లు వెళుతున్నది ఒక్కటే. గోధుమరంగు సీసా."

"అది పుళ్ళు కడిగే మందు," అన్నాడు డాక్టరు విసుగ్గా. "సూక్ష్మజీవుల్ని చంపేదే అది."

సార్జంటు తొందరపడలేదు. "నేను ఇదివరకు వేరే చోట పనిచేశాను తువాన్. అక్కడ నెలరోజులు బియ్యం అడవిలోకి పోయింది. సైకిళ్ళు విప్పి చూశాం. ఆడవాళ్ళ టిఫిన్ గిన్నెలు వెతికాం. పసిపిల్లల ఉయ్యాల గుడ్డలు దులిపాం. ఎక్కడా లేదు. చివరికి ఒకరోజు మా జీపు చెడిపోతే మెకానిక్కు కిందికి దూరి చూశాడు. బియ్యం మూటలు మా జీపుకే అడుగున కట్టి ఉన్నాయి. సోదా చేసే బండిని ఎవరు సోదా చేస్తారు?"

సార్జంటు వెళ్ళాక డాక్టరు నాతో, "తంబీ, ఆ సీసా ఒకటి పట్రా," అన్నాడు.

తెచ్చాను. మందు ఒక చుక్క పళ్ళెం మీద వేసి పెట్టెలో పెట్టాను. మర్నాడు చూస్తే ఏమీ మొలవలేదు. డాక్టరు భుజాలు ఎగరేశాడు. నాకు మాత్రం ఆ సీసా మీద అనుమానం పోలేదు. దాని మూతికి కార్కు బిరడా ఉంది. ఎన్నేళ్ళ నుంచి వాడుతున్నారో, నానినాని మెత్తబడి నల్లగా అయింది. ఎవరినీ అడక్కుండా ఆ బిరడాని చారు ఉన్న జాడీలో పడేసి వెచ్చటి పెట్టెలో పెట్టాను.

మర్నాడు పెట్టె తలుపు తీశాను. చారు చిలకపచ్చగా ఉంది.

వార్డుల్లో సీసాలు ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేసేవారు కాదు. సగమైతే పైన నీళ్ళూ మందూ కలిపి నింపేసి, అదే బిరడా బిగించేవారు. కార్కు మందు బలాన్ని పీల్చేసుకుంటుంది. ఆ రంధ్రాల్లో పచ్చవాడు చల్లగా, తడిగా, నిశ్చింతగా బతికాడు. సీసా వంచినప్పుడల్లా కాసిన్ని పుండులోకి దిగేవి. రెండుసార్లు కడిగితే రెండుసార్లు, నాలుగుసార్లు కడిగితే నాలుగుసార్లు.

డాక్టరు చెబితే మేట్రన్ నమ్మలేదు. "మీ చారు మురికిది," అంది సూటిగా. నా చారుని ఒకరు మురికి అనడం అదే మొదటిసారి. నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. కానీ ఆవిడ ఊరికే వాదించే మనిషి కాదు. మర్నాడు తనే ఒక ట్రేలో పన్నెండు బిరడాలు తెచ్చింది. ఒక్కొక్కదానికీ అంకె రాసిన దారం కట్టి ఉంది. "వీటిలో కొన్ని నేను అరగంటసేపు మరిగించాను. ఏవో మీకు చెప్పను," అంది.

పన్నెండు జాడీల్లో వేశాం. మర్నాడు ఉదయం ఆవిడే వచ్చి పెట్టె తెరిచింది. ఏడు పచ్చగా, అయిదు తేటగా ఉన్నాయి. జేబులోంచి చీటీ తీసి ఒక్కొక్క అంకెతో సరిచూసుకుంది. తేటగా ఉన్న అయిదూ తను మరిగించినవే. రెండోసారి మళ్ళీ చూసుకుంది. తర్వాత నా స్టూలు మీద కూర్చుంది. ఆవిడ కూర్చోవడం ఆ ఆస్పత్రిలో ఎవరూ చూసి ఉండరు.

"ఆ చైనా ముసలాయన," అంది. "ఆయన్ని రోజూ నేనే కడిగాను. నాలుగుసార్లూ నేనే."

"ఆయన పేగు అప్పటికే కుళ్ళింది. ఏది కారణమో చెప్పడం కష్టం," అన్నాడు డాక్టరు.

"కష్టమే," అని లేచింది ఆవిడ. ఆ మధ్యాహ్నం వార్డులోని బిరడాలన్నీ ఏరించి, బట్టలుతికే గది పొయ్యిలో పడేసి, అవి కాలిపోయేదాకా పక్కనే నిలబడింది. ఆ రోజు నుంచి సీసాలు రోజూ మరిగించడం, మందు పొద్దున్నే కొత్తగా కలపడం, మర మూతలు. నేను చేరినప్పటి నుంచి నన్ను ఆవిడ 'లేబొరేటరీ' అని పిలిచేది. తర్వాత పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. పలకడం సరిగ్గా రాకపోయినా మానలేదు.

మూడు వారాల్లో కట్లు తెల్లబడ్డాయి. కొత్తగా కోసినవాళ్ళకి ఎవరికీ రంగు రాలేదు. సార్జంటుకి కబురు చేస్తే వచ్చి, పచ్చ జాడీని, తేట జాడీని పక్కపక్కన పెట్టించుకుని చూసి, "దొరికాడు" అన్న గడిలో టిక్కు పెట్టాడు. కింద కారణం రాయాలట. "ప్రస్తుతం ఎక్కడ ఉన్నాడని రాయను?" అని అడిగాడు. "మరిగించేశాం," అన్నాను. అలా రాస్తే పైనుంచి ప్రశ్నలొస్తాయని తలూపి, "వార్డు విడిచి వెళ్ళాడు" అని రాసుకున్నాడు. ఆహార నియంత్రణ గుమాస్తా అంత సులువుగా వదల్లేదు. నలుగురిలో ఒకడు వెళ్ళిపోయాడని తెలిసి మా మాంసం పర్మిట్‌లో పావు వంతు కోశాడు.

మావని ఆగస్టు మొదట్లో ఇంటికి పంపారు. వారంలో వెళ్ళాల్సిన మనిషి, రెండు నెలలకి పైగా ఉన్నాడు. అదే రోజు నేను రెండు జాడీలు, నాలుగు పళ్ళేలు పెట్టెలో సర్దుకుని ఇపోలోని పెద్ద లేబొరేటరీకి చూపించడానికి బయల్దేరాను. మా పళ్ళేలకి ప్రయాణ పర్మిట్ ఉంది. సార్జంటే సంతకం చేయించి తెచ్చాడు. ఇద్దరం ఒకే బస్సెక్కాం. దారి పొడవునా కొట్ల ముందు వెదురు కమానులు కడుతున్నారు. మావ కిటికీలోంచి తల బయటికి పెట్టి ప్రతిదానికీ "ఇదేటి, అదేటి" అని అడుగుతూనే ఉన్నాడు.

మావ తోట మలుపుకి ముందే రోడ్డుకి అడ్డంగా కర్ర. అందరినీ దింపారు. సంచులు విప్పించారు. నా పెట్టె చూసి ఒక సైనికుడు పర్మిట్ రెండుసార్లు చదివి, పళ్ళెం మూత ఎత్తబోయి, వాసన తగిలి గబుక్కున వదిలేశాడు. తర్వాత మావ పొట్ట చూశాడు. చొక్కా కింద కట్టు లావుగా ఉంది. పొట్టకి బియ్యం కట్టుకుని దాటించేవాళ్ళు ఉండేవారు ఆ రోజుల్లో. తుపాకీ గొట్టంతో చొక్కా చూపించి, తియ్యమన్నాడు.

"పుండు, పుండు," అన్నాను నేను మలయ్‌లో. అతను వినలేదు.

మావ కట్టు విప్పడం మొదలుపెట్టాడు. మేట్రన్ వెళ్ళేటప్పుడు తన చేత్తో కట్టిన కట్టు, మూరలకొద్దీ గుడ్డ. తిప్పుతున్నాడు, తిప్పుతున్నాడు, అది అవ్వడం లేదు. చివరికి గుడ్డంతా కింద కుప్పగా పడింది. పొట్ట మీద గులాబీ రంగు మచ్చ, ఆరోగ్యంగా, పొడిగా.

"సూసుకో లా! బియ్యం ఉందేటి? తెల్లగా ఉంది గదా? ఎక్కడైనా పచ్చగా ఉందేటి సూడు!"

సైనికుడికి తెలుగు రాదు, అయినా వంగి చూశాడు. తలూపాడు. అంతటితో మావ ఊరుకోలేదు. చొక్కా ఎత్తి పట్టుకుని రోడ్డు పక్కన వరసలో నిలబడ్డవాళ్ళందరి ముందూ నడిచాడు. చైనా ముసలమ్మకి చూపించాడు. కోడిని చంకన పెట్టుకున్న మలయ్ ఆయనకి చూపించాడు. బస్సు కండక్టరుకి రెండుసార్లు చూపించాడు. జనం కూడా ఏదో చూడాల్సిందే అన్నట్టు తొంగి తొంగి చూశారు. ఎవరో "బాగుంది, బాగుంది" అన్నారు.

బస్సు కదిలాక నేను కట్టు మళ్ళీ కడదామని గుడ్డ అందుకున్నాను. నాకు చుట్టడం చేతకాలేదు, జారిపోతూనే ఉంది. మావ నా చేతిలోంచి తీసుకుని ఉండలా చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకెందుకులే బాబూ. గాలి తగలనీ."

తోట మలుపు దగ్గర దిగిపోయాడు. చొక్కా గుండీలు పెట్టుకోకుండానే ఎర్రమట్టి దారిలో, రబ్బరు చెట్ల కిందనుంచి నెమ్మదిగా నడిచి వెళ్ళాడు. నేను జాడీలు కదలకుండా మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుని ఇపో దాకా కూర్చున్నాను.